పిప్ (యూకేలో జబ్బు, వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) ట్రిబ్యునల్‌లో ఓడిపోయాం. పైకి వెళ్ళాలంటే "లా తప్పు" చూపించాలంట, అంటే ఏంటండీ?

మిడ్లాండ్స్_మూర్తి:

అందరికీ నమస్కారం. పోస్ట్ పెద్దది, ఏమనుకోకండి, ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ పెడుతున్నా.

మా ఆవిడకి ఎపిలెప్సీ, మనం ఫిట్స్ అంటాం కదా అదే, 2019 నుంచి. నెలకి రెండు, ఒక్కో నెల మూడు. ముందు ఏ సూచనా ఉండదు, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతుంది, తర్వాత రెండు మూడు గంటలు మత్తుగా ఉంటుంది, లేచాక ఏం జరిగిందో గుర్తుండదు. డ్రైవింగ్ లైసెన్స్ తిరిగి ఇచ్చేసింది. 2022లో బస్ స్టాప్ దగ్గర పడి నుదురు పగిలినప్పటి నుంచి ఒంటరిగా గడప దాటట్లేదు. ఇద్దరం సిటిజన్లమే కాబట్టి వీసా గొడవ లేదు.

పిప్‌కి అప్లై చేస్తే సున్నా పాయింట్లు, రీకన్సిడరేషన్, అంటే మళ్ళీ చూడమని అడిగితే మళ్ళీ సున్నా, అప్పీల్ చేస్తే హియరింగ్ అయి 12 రోజులైంది, 3 పాయింట్లు ఇచ్చారు. 2 వంటకి, మైక్రోవేవ్‌లో అయితే చేసుకోగలదంట, 1 మందులకి. 8 వస్తేనే కదా డబ్బులు. అంటే గుండు సున్నానే.

అసలు నా బాధ ఇది. మా ఆవిడ వంట చేసేటప్పుడు అమలాపురం నుంచి మా అత్తగారు వాట్సాప్ వీడియోలో ఉంటారు. ఫోన్ని కందిపప్పు డబ్బాకి ఆనించి పెడుతుంది, స్టవ్ కనపడేలాగా. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండంటే అక్కడ సాయంత్రం నాలుగున్నర, చలికాలం అయితే ఐదున్నర, పాపం ఆవిడ సీరియల్ కూడా మానుకుని కూర్చుంటారు. ఈవిడ పడిపోయిందంటే ఆవిడ వెంటనే నాకు ఫోన్ చేస్తారు, నేను పై గదిలో పని చేసుకుంటుంటా, పరిగెత్తుకుని వచ్చి ముందు స్టవ్ ఆపుతా. రెండుసార్లు అలా జరిగింది కూడా.

హియరింగ్‌లో డాక్టరు వంట ఎవరు చేస్తారు అనడిగితే ఈవిడ "నేనే చేస్తానండి, అమ్మ తోడుంటుంది ఫోన్లో" అంది. ఇంటర్‌ప్రెటర్ దాన్ని "వంట తనే చేస్తుంది, చేస్తూ వాళ్ళమ్మతో ఫోన్లో కబుర్లు చెప్పుకుంటుంది" అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషులో చెప్పేసింది. డాక్టరు తలూపి రాసుకున్నాడు. నేను పక్కనే ఉన్నా, మధ్యలో మాట్లాడితే జడ్జి ఏమంటారో అని నోరు మూసుకున్నా, ఇప్పుడు అదే తల్చుకుని రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

అప్పర్ ట్రిబ్యునల్‌కి వెళ్దామనుకుంటే "పాయింట్ ఆఫ్ లా" మీదే వినాలంట. మమ్మల్ని నమ్మలేదు, అబద్ధాలాడుతున్నాం అనుకున్నారు, అది లా తప్పు కాదా? ఇంకోటి, పోయిన వారం చెయ్యి కాల్చుకుంది, ఆ ఫోటోలు పంపొచ్చా?

పప్పుచారు_రెడింగ్:

మూర్తిగారూ చదువుతుంటేనే కడుపు తరుక్కుపోయింది. కానీ నా సలహా అడిగితే వదిలేసి కొత్తగా అప్లై చేసుకోండి. మా బావగారు పైకి వెళ్తానని ఏడాదిన్నర పట్టుకుని వేలాడి చివరికి పర్మిషన్ కూడా రాలేదు, బీపీ మాత్రం వచ్చింది. చెయ్యి కాలిన ఫోటోలు కొత్త క్లెయిమ్‌లో పనికొస్తాయి. మనవాళ్ళకి ఈ కోర్టులు అచ్చిరావండి.

ఓపికున్నవాడు:

నేను ఒక అడ్వైస్ సెంటర్‌లో వారానికి రెండు రోజులు వాలంటీర్‌గా ఈ కాగితాలే చూస్తుంటా. లాయర్‌ని కాదు, అది ముందే చెప్తున్నా.

పప్పుచారు గారు చెప్పిన కొత్త క్లెయిమ్ మంచిదే, కానీ ఇది వదిలేసి అది కాదు. రెండూ ఒకేసారి నడపొచ్చు. కొత్త క్లెయిమ్‌లో డబ్బులొస్తే ఆ కొత్త తేదీ నుంచే వస్తాయి, పాతకాలం డబ్బు ఈ అప్పీల్‌తోనే రావాలి. డైలీ లివింగ్ స్టాండర్డ్, అంటే రోజువారీ పనులకి ఇచ్చే మామూలు రేటు, 2025-26లో వారానికి 73.90 పౌండ్లు, ఏడాదికి సుమారు 3,800. ఊరికే వదులుకునేది కాదు.

ఇప్పుడు మూర్తిగారూ, మీ చేతిలో ఉన్నది ఒకటి రెండు పేజీల డిసిషన్ నోటీసే కదా? దాన్ని పట్టుకుని పైకి వెళ్ళలేరు. ముందు ట్రిబ్యునల్‌కి రాసి స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ అడగండి, అంటే ఏ సాక్ష్యం నమ్మాం, ఏది నమ్మలేదు, ఎందుకు అని జడ్జి పూర్తిగా రాసిచ్చేది. నోటీస్ పంపిన తేదీ నుంచి నెల లోపు అడగాలి. 12 రోజులైందన్నారు, అంటే టైమ్ ఉంది, ఈ రాత్రే ఈమెయిల్ కొట్టండి. అదే ఈమెయిల్‌లో హియరింగ్ రికార్డింగ్ కూడా అడగండి. రీజన్స్ వచ్చాక ఇంకో నెల ఉంటుంది, ఆ నెలలో అదే ట్రిబ్యునల్‌ని పైకి వెళ్ళడానికి పర్మిషన్ అడగాలి. వాళ్ళు కాదంటే అప్పుడు నేరుగా అప్పర్ ట్రిబ్యునల్‌కి యూటీ1 ఫారం, దానికీ నెలే. ఫీజు ఎక్కడా లేదు.

మీ అసలు ప్రశ్న. నమ్మకపోవడం లా తప్పు కాదండీ. ఎవర్ని నమ్మాలి, ఏ కాగితానికి ఎంత బరువివ్వాలి అన్నది హియరింగ్‌లో కూర్చున్న ఆ ముగ్గురి పని, పైవాళ్ళు అందులో చెయ్యి పెట్టరు. "తీర్పు అన్యాయం" అని పది పేజీలు రాసినా ఒక్క లైన్లో తిప్పికొడతారు. నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో ఎక్కువ భాగం అలాంటివే, ఎంత కష్టం ఉందో అంతా రాస్తారు, తప్పు ఎక్కడుందో రాయరు. లా తప్పులేంటో 2005లో అప్పీల్ కోర్టు ఒక ఇరాన్ కేసులో వరసగా చెప్పింది, అది ఇమిగ్రేషన్ కేసే గానీ బెనిఫిట్స్ వాళ్ళూ అదే వాడతారు. రూల్‌ని తప్పుగా అర్థం చేసుకోవడం, ముఖ్యమైన సాక్ష్యాన్ని అసలు పట్టించుకోకపోవడం, రెండు సాక్ష్యాలు ఒకదానికొకటి పొంతన లేకపోతే దేన్ని ఎందుకు తీసుకున్నారో తేల్చకపోవడం, కారణాలు సరిగ్గా చెప్పకపోవడం, హియరింగ్ న్యాయంగా జరపకపోవడం, బుద్ధున్న ఏ ట్రిబ్యునలూ రాని నిర్ణయానికి రావడం, ఇలాంటివి. అదీ ఫలితం మారేంత తప్పయ్యుండాలి.

చెయ్యి కాలిన ఫోటోలు ఇందులో వద్దు. పిప్ ఇచ్చే డిపార్ట్‌మెంట్ మొదటిసారి కాదన్న రోజుకి ఆవిడ పరిస్థితి ఎలా ఉంది అన్నదే ఈ కేసు, ఆ తర్వాత జరిగింది ట్రిబ్యునల్ లెక్కలోకి తీసుకోకూడదని చట్టమే ఉంది. అవి కొత్త క్లెయిమ్‌కి.

మీకు ఇప్పుడు అవార్డ్ ఏమీ లేదు కాబట్టి పోయేదీ ఏం లేదు. కొంత వచ్చి ఇంకొంత కోసం వెళ్ళేవాళ్ళకి మాత్రం వేరే కథ, కొత్త ప్యానెల్ ఉన్నదీ పీకొచ్చు.

ఓరుగల్లు_పోరడు:

అన్నా ఇంటర్‌ప్రెటర్ ముచ్చట నాకు గుడ జరిగింది అందుకే రాస్తున్న. మా అమ్మది కాదు నాదే, నడుము నొప్పి కేసు. నేను "ఏదో గట్ల నడిపిస్తున్న" అన్న, ఆయనేమో "నేను మేనేజ్ చేసుకుంటున్న" అని చెప్పిండు. ఇంగ్లీషుల గామాట పడ్డదంటే ఖతం, మేనేజ్ చేసుకుంటున్నడు అంటే ఏం కష్టం లేదన్నట్టే. నేను ఇంగ్లీష్ మంచిగనే మాట్లాడ్త గని భయానికి ఇంటర్‌ప్రెటర్ని పెట్టుకున్న, అదే నా కొంప ముంచింది. ఆడ్నే ఆపి "కాదు సార్, నేనన్నది ఇది" అని చెప్పిన, జడ్జి మళ్ళ అడిగిండు, రాసుకున్నడు. మీరు ఆడ చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రికార్డింగే దిక్కు. రికార్డింగ్ వచ్చినంక ఏ నిమిషంల ఏమన్నది, ఆమె ఏం చెప్పింది, రెండూ పక్కపక్కన రాయుండ్రి. ఉత్తగ "ఇంటర్‌ప్రెటర్ బాగలేదు" అంటే ఎవ్వడు పట్టించుకోడు.

గ్లాస్గో_గోదారి:

చిన్న మాట, స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్ళు ఇది చదివి కంగారు పడకండి, ఇక్కడ పిప్ బదులు అడల్ట్ డిజెబిలిటీ పేమెంట్, ట్రిబ్యునల్స్ కూడా స్కాట్లాండ్‌వే వేరు. పాయింట్ ఆఫ్ లా అన్న మాట మాత్రం ఇక్కడా అదే.

మూర్తిగారూ, అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. మాదీ కోనసీమే.

మిడ్లాండ్స్_మూర్తి (ఏడు వారాల తర్వాత):

అందరికీ థాంక్స్. ఆ రాత్రే ఈమెయిల్ పంపా. రీజన్స్ నిన్న వచ్చాయి, 9 పేజీలు. రికార్డింగ్ కూడా వచ్చింది. కూర్చుని విన్నాం, మా ఆవిడ తన గొంతు వినలేక లేచి వెళ్ళిపోయింది.

ముఖ్యమైన చోట్లు నాకొచ్చిన తెలుగులో పెడుతున్నా.

పేరా 14: "అప్పిలెంట్‌కి నెలకి రెండు మూడు సార్లు మాత్రమే సీజర్స్ (ఫిట్స్) వస్తున్నాయని మేము అంగీకరిస్తున్నాము. మిగతా రోజుల్లో ఆమె వంట, స్నానం చేసుకోగలుగుతున్నారు. కాబట్టి సగం కంటే ఎక్కువ రోజులు సూపర్విజన్ అవసరమని చెప్పలేము."

పేరా 16: "రోజూ తల్లితో ఫోన్లో మాట్లాడుతూ వంట చేస్తున్నానని ఆమే చెప్పారు. ఇది పర్యవేక్షణ అవసరం లేదనడానికి తగినట్టుగా ఉంది."

పేరా 21, బయటికి వెళ్ళడం గురించి: "ఆమెకి దారులు తెలుసు, ఫోన్లో మ్యాప్ చూడగలరు, జ్ఞాపకశక్తి బాగుంది." అంతే, సున్నా. న్యూరాలజిస్ట్ లెటర్‌లో "ఒంటరిగా బయటికి పంపొద్దు, స్నానం చేసేటప్పుడు తలుపు గడియ పెట్టొద్దు" అని ఉంది, ఆ లెటర్ ఊసు తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు. మేం 2020లోనే బాత్రూమ్ గడియ పీకేశాం, ఆ నాలుగు మేకుల చిల్లులు ఇంకా అలాగే ఉన్నాయి, ఆవిడ స్నానానికి వెళ్తే నేను మెట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటా. ఇదంతా హియరింగ్‌లో చెప్పాం, రికార్డింగ్‌లో ఉంది.

ఇంటర్‌ప్రెటర్ దగ్గర నేను అనుకున్నట్టే ఉంది, "తోడు" అన్న మాట ఇంగ్లీషులోకి అసలు రాలేదు. దీన్నే మొదటి పాయింట్‌గా పెట్టనా?

ఓపికున్నవాడు:

పెట్టకండి. మీ మొదటి పాయింట్ పేరా 14. అది చదవగానే నేను కుర్చీలోంచి లేచా.

ఒక స్విచ్ ఉందనుకోండి, నెలకి రెండుసార్లు షాక్ కొడుతుంది, ఏ రోజు కొడుతుందో ఎవరికీ తెలీదు. మిగతా 28 రోజులు అది సేఫ్ స్విచ్ అంటామా? మీ కేసు అచ్చంగా అదే. 2013 పిప్ రెగ్యులేషన్స్‌లో 4(2ఏ) అని ఒకటుంది, ఏ పనైనా చేయగలరు అనాలంటే సేఫ్‌గా, పద్ధతిగా, కావలసినన్ని సార్లు, మామూలు మనిషికి పట్టే టైమ్‌కి రెట్టింపు దాటకుండా చేయగలగాలి. సేఫ్‌గా అంటే ఏంటో 2017 మార్చిలో అప్పర్ ట్రిబ్యునల్ ముగ్గురు జడ్జిలు కూర్చుని తేల్చారు, తీర్పు నంబర్ 2017 యూకేయూటీ 105 ఏఏసీ, ఆర్‌జే కేసు అంటారు, అందులో ఎపిలెప్సీ వాళ్ళ అప్పీళ్ళే ఉన్నాయి. హాని జరిగే అవకాశం సగానికి పైన ఉండాలని కాదు, జరిగితే ఎంత ఘోరంగా ఉంటుందో కూడా చూడాలి, కొట్టిపారేయలేని ప్రమాదం ఉంటే చాలు అన్నారు. ఫిట్ వచ్చిన రోజులు లెక్కపెట్టడం కాదు, ప్రమాదం పొంచి ఉన్న రోజులు లెక్కపెట్టాలి. సూచన లేకుండా పడిపోయే మనిషికి ఆ ప్రమాదం రోజూ ఉన్నట్టే. మీ ప్యానెల్ పేరా 14లో ఫిట్స్ లెక్కపెట్టి ఊరుకుంది. రూల్‌ని తప్పుగా వాడటం అంటే ఇదే, ఇంతకంటే శుభ్రంగా దొరకదు. డిపార్ట్‌మెంట్ వాళ్ళు కూడా ఆ తీర్పు తర్వాత తమ గైడెన్స్ మార్చుకున్నారు, కాబట్టి వాళ్ళు కూడా మీకు అడ్డు చెప్పకపోవచ్చు.

రెండోది పేరా 21. దారి తెలియడం వేరు, ఆ దారిలో సేఫ్‌గా వెళ్ళడం వేరు, అదే రూల్ ఇక్కడా పడుతుంది, అసలు వాడనే లేదు. న్యూరాలజిస్ట్ లెటర్ ఊసెత్తకపోవడం కూడా ఇందులోనే కలపండి. నమ్మకపోతే ఎందుకు నమ్మలేదో రాయాలి, రాయలేదు.

ఇక అత్తగారి ఫోన్. ఇక్కడ కొంచెం జాగ్రత్తండి. రూల్స్‌లో సూపర్విజన్ అంటే ఇంకో మనిషి అక్కడ అస్తమానం ఉండటం, అమలాపురం నుంచి వీడియో కాల్ దానికి సరిపోదు. కాబట్టి "అత్తగారు సూపర్వైజ్ చేస్తున్నారు" అని వాదించకండి, అది వాళ్ళే తోసేస్తారు. వాదించాల్సింది వేరే, మనిషికి ఏం దొరుకుతోంది అని కాదు ఏం అవసరం అని చూడాలి. దాదాపు ఐదు వేల మైళ్ళ దూరంలో కూర్చుని కూతురి స్టవ్ చూస్తూ ఉండాల్సి వస్తోందంటే అది అవసరానికి సాక్ష్యం, లేదనడానికి కాదు. పేరా 16లో దాన్ని తలకిందులు చేశారు. ఇంటర్‌ప్రెటర్ సంగతి ఇక్కడ, మూడో చోట, రికార్డింగ్ నిమిషంతో సహా పెట్టండి, ఆ "తోడు" పోవడం వల్లే పేరా 16 అలా వచ్చిందని చూపించండి. అప్పుడది ఫిర్యాదులా ఉండదు, ఫలితం మార్చిన తప్పులా ఉంటుంది.

ఫలితం మారుతుందని లెక్క కూడా చూపించాలి. వంటకి సూపర్విజన్ 4, స్నానానికి 2, మందులకి 1 ఆల్రెడీ ఉంది, కలిపితే 7. ఒకటి తక్కువ, కాబట్టి టాయిలెట్ దగ్గర కూడా ఇదే ప్రమాదం చూడలేదని రాయండి, అక్కడ సూపర్విజన్‌కి 2. మొబిలిటీలో, అంటే బయట తిరగడానికి ఇచ్చే భాగంలో అయితే, తెలిసిన దారిలో కూడా మనిషి తోడు లేకుండా వెళ్ళలేరంటే ఒక్కదానికే 12, అది ఎన్‌హాన్స్‌డ్, అంటే పై రేటు, 2025-26లో వారానికి 77.05 పౌండ్లు.

పర్మిషన్ అప్లికేషన్ రెండు పేజీలు దాటనివ్వకండి. ఏ తీర్పు, ఏ తప్పు, ఏం కావాలి, ఈ మూడూ ఉంటే చాలు. కష్టాలు వద్దు, అవి పాత కాగితాల్లో ఉన్నాయి. వాళ్ళు కాదంటే యూటీ1, అక్కడ కాగితాల మీదే కాదంటే 14 రోజుల్లో ముఖాముఖి వినమని అడగొచ్చు, అక్కడా కాదంటే దాదాపు అయిపోయినట్టే. అప్పర్ ట్రిబ్యునల్ దాకా వస్తే లీగల్ ఎయిడ్‌కి అవకాశం ఉంది, ఆదాయం చూస్తారు, చేసే లాయర్లు మాత్రం భూతద్దం పెట్టి వెతకాలి. దగ్గర్లో లా సెంటర్ (ఉచితంగా న్యాయ సలహా ఇచ్చే చోటు) ఉంటే ఇప్పుడే క్యూలో నిలబడండి.

పప్పుచారు_రెడింగ్:

నా మాట వెనక్కి తీసుకుంటున్నా. మా బావగారు రాసింది 11 పేజీలు, అందులో పదిన్నర పేజీలు ఆయన మోకాళ్ళ చరిత్రే.

మిడ్లాండ్స్_మూర్తి (రెండున్నర నెలల తర్వాత):

ఇవాళ లెటర్ వచ్చింది. అప్పర్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళనే లేదు. మా అప్లికేషన్ చూసి ఇక్కడి జడ్జే రివ్యూ చేసి, సేఫ్టీ రూల్ సరిగ్గా వాడలేదు అని పాత తీర్పు కొట్టేశారు, కొత్త ప్యానెల్ ముందు మళ్ళీ హియరింగ్ అంట. ఇంటర్‌ప్రెటర్ గురించి ఒక్క ముక్క లేదు, మొదటి పాయింట్‌తోనే తేల్చేశారు. గెలిచినట్టు కాదని తెలుసు, మళ్ళీ మొదటికొచ్చాం అంతే, అయినా మా ఆవిడ ఆ లెటర్ నాలుగుసార్లు చదివింది. కొత్త క్లెయిమ్ కూడా వేశాం, అదింకా నడుస్తోంది.

ఇప్పుడు ఇంగ్లీషులోనే మాట్లాడమంటారా, మళ్ళీ తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడగమంటారా? తనకి ఇంగ్లీష్ వచ్చు గానీ ముగ్గురు ఎదురుగా కూర్చుంటే మాట తడబడుతుంది.

ఓరుగల్లు_పోరడు:

తెలుగే పెట్టుకోండన్నా. గని వదినెకు చెప్పుండ్రి, ఆపుకుంట ఆపుకుంట, చిన్న చిన్న మాటలు.

ఓపికున్నవాడు:

సంతోషం మూర్తిగారూ. తెలుగే మంచిది, ఈసారి తేడా వస్తే మీరు అక్కడికక్కడే చెయ్యెత్తండి, జడ్జి ఏమీ అనుకోరు. ఇంకోటి, "తోడు" అన్న మాట అసలు వాడొద్దనండి. మనకి అందులో అన్నీ ఉన్నాయి, వాళ్ళ భాషలో ఒక్కటీ లేదు. "నేను పడిపోతే స్టవ్ ఆపడానికి ఎవరో ఒకరు ఆ గదిలోనే ఉండాలి" అని పూర్తిగా చెప్పమనండి. స్నానానికీ అంతే, గడియ ఎందుకు పీకారో, మీరు మెట్ల మీద ఎందుకు కూర్చుంటారో. "నేనే చేస్తానండి" అని మొదలుపెట్టే అలవాటు మన ఆడవాళ్ళందరికీ ఉంది, ఆ ఒక్క వాక్యం నోట్లోంచి రాకుండా ఇంట్లో రెండుసార్లు ప్రాక్టీస్ చేయించండి.

మిడ్లాండ్స్_మూర్తి:

నిన్న రాత్రి ప్రాక్టీస్ చేశాం. నేను డాక్టర్‌ని. వంట ఎవరు చేస్తారమ్మా అనడిగా. "నేనే చే..." అని ఆగిపోయింది. ఫోన్లోంచి మా అత్తగారు ఒకటే నవ్వు.